అయిదో నల్ల మెట్టు

ఇరవై ఏళ్ళ నుంచి నాకొక సందేహం ఉండేది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారేమోనని కొంత, నాకు తెలియదన్న సంగతి బయటపడుతుందని కొంత.

మా ఆచార్యులు విరూపశర్మగారు ఎక్కువ తక్కువలు చెప్పేటప్పుడు ఇసుకలో కాకిముక్కు గుర్తు వేయించేవారు. ముక్కు తెరుచుకున్న వైపు ఎక్కువ, మొన ఉన్న వైపు తక్కువ. రెండు వైపులనూ ఒకే అంకెతో హెచ్చించినా, ఒకే అంకెతో భాగించినా కాకి కదలదు. ఎక్కువది ఎక్కువగానే, తక్కువది తక్కువగానే ఉంటుంది. ఇంతవరకు నాకు బాగానే తలకెక్కింది. దేవుడి వాన కూడా అంతే కదా. అందరి పొలాల మీదా ఒకేలా కురుస్తుంది. కురిశాక కూడా పెద్ద పొలం పెద్దదే, చిన్న పొలం చిన్నదే.

అయితే ఆ అంకె ఋణసంఖ్య అయితే మాత్రం కాకిని అటుది ఇటు తిప్పమనేవారు. ఆ సంఖ్యలను మేం పిల్లలం నల్ల లెక్కలు అనుకునేవాళ్ళం. ఇద్దరికీ చేసింది ఒకటే అయినప్పుడు పైవాడు కిందివాడు ఎలా అవుతాడు? అది ఏం న్యాయం? తిప్పమన్నారు గనక తిప్పేవాణ్ణి. మరిచిపోయిన రోజు బెత్తం దెబ్బ తినేవాణ్ణి.

ఆ సందేహం తీరిన రోజు సంగతి చెబుతాను. మాణిక్యవరం రాజ్యంలో నిప్పు అన్నది లేకుండా పోయి ఆనాటికి నలభయ్యో రోజు.

ధూమకంఠుడనే మాంత్రికుడు, మా సింహకేతు మహారాజు తనకు పాదపూజ చేయలేదన్న కోపంతో, ఒక ఉదయం పొగమబ్బు మీద వచ్చి ఊరి నడిమధ్య ఒక మట్టికుండ మూత తెరిచాడు. పొయ్యిల్లోని నిప్పు, కమ్మరి కొలిమిలోని నిప్పు, జ్వాలేశ్వరస్వామి గుడిలో మూడు తరాలుగా ఆరని అఖండదీపం, అన్నీ తేనెటీగల్లా లేచి వెళ్ళి ఆ కుండలో దూరాయి. చెకుముకి రాళ్ళు కొడితే చప్పుడే తప్ప రవ్వ లేదు. పొరుగు రాజ్యం నుంచి దివిటీ తెస్తే పొలిమేర దాటగానే ఆరిపోయేది. నలభయ్యో రోజు సూర్యుడు కుంకే వేళకు ఆ కుండ ఎత్తి తాగేస్తానని, ఆ తరువాత మాణిక్యవరంలో ఏ కాలానికీ నిప్పు పుట్టదని చెప్పి వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను గుడిలో దీపాలకు నూనె కొలిచి పోసే భీమలింగాన్ని. దీపం లేని గుడిలో నాకేం పని? ఇంట్లో నానబియ్యం, పచ్చి దోసకాయలు తిని అందరికీ కడుపునొప్పి. వీధిలో ముగ్గురు బాలింతలకు వేణ్ణీళ్ళు లేవు. నా భార్య గిరిజ రోజూ సాయంత్రం వత్తి వేసి, నూనె పోసి, వెలగని ప్రమిదనే దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకునేది.

ధూమకంఠుడు ఉండేది మెట్లకోట. అక్కడ కత్తి పనికిరాదు, లెక్క తెలిసినవాడే కాలు పెట్టగలడు. అందుకని మహారాజు ఆస్థాన గణకుడు ఉదయదత్తుణ్ణి పిలిపించారు. ఇతను నాతోపాటు విరూపశర్మగారి దగ్గర చదువుకున్నవాడే. ఒకే చాప మీద కూర్చున్నాం, ఒకే కుండలో నీళ్ళు తాగాం. అతనికి ఆకుపచ్చ పట్టు శాలువా, పల్లకి వచ్చాయి. నాకు నూనె గిద్ద వచ్చింది. "తోడుగా ఎవరు కావాలి?" అని రాజుగారు అడిగితే అతను నా పేరు చెప్పాడట. ఆ మాట విని నాకు సంతోషం కలగలేదు. అడుక్కున్నవాడికి పెట్టినట్టు అనిపించింది.

"ఉదయదత్తుడుగారు పల్లకి దిగి మన గుమ్మంలో నిలబడ్డారండీ! ఎంత నిగర్వి!" అంది గిరిజ.

"పల్లకి మన గుమ్మంలో పట్టదు గనక దిగాడు" అన్నాను.

మూడు రోజులు నడిచి, నలభయ్యో రోజు మధ్యాహ్నం తిరిగేసరికి మెట్లకోట చేరాం.

అలాంటి కట్టడం మళ్ళీ చూడలేదు. కోట అంటే గోడలు, బురుజులు అనుకుంటాం. అక్కడ ఉన్నది ఒక్క మెట్ల వరుస. నేల మీద తిరగలి అంత గుండ్రని రాయి. ఆ రాయి నుంచి పైకి ఇరవై తెల్ల మెట్లు, పాలరాతివి, ఒక్కొక్కటి నిలువెత్తు, ఆకాశంలోకి ఆధారం లేకుండా తేలుతూ ఉన్నాయి. అదే రాయి నుంచి కిందికి ఇరవై నల్ల మెట్లు, కరకు రాతివి, పాతాళంలోకి దిగి చీకట్లో కలిసిపోయాయి. పైన పన్నెండో మెట్టు వరకు ఆరుబయలు. పదమూడు నుంచి ఇరవై దాకా మెట్లను చుట్టి అభ్రకపు గోడలతో ఒక మేడ. ఆ గోడల్లోంచి ఎర్రగా, పచ్చగా వెలుగు. నలభై రోజుల తరువాత నిప్పు వెలుగు చూశాను. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

గుండ్రాయి పక్కన ఒక ముసలమ్మ బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. చెవులకు ఎముకల కమ్మలు. కనురెప్ప వాల్చకపోవడం చూసి మనిషి కాదు, యక్షిణి అని పోల్చుకున్నాం.

"లెక్క వచ్చా, రాదా?" అంది.

"కొంచెం వచ్చు, అవ్వా" అన్నాడు ఉదయదత్తుడు.

"కొంచెం వచ్చినవాళ్ళ బొమికెలే ఇవి" అని కమ్మలు ఊపింది. "సరే వినండి. మెట్టుకొక్కడే నిలవాలి. రెండోవాడి బరువు పడితే మెట్టు పగులుతుంది. ఈ రాయి మీంచి ఒక్కొక్కరికి ఒక్క గెంతు, రాయే పైకి ఎగదోస్తుంది. ఏ తెల్ల మెట్టు మీద పడితే అక్కడ కాళ్ళు అతుక్కుంటాయి, ఇక నా పండే మిమ్మల్ని కదిలించాలి. నల్ల మెట్ల మీద మీ ఇష్టం, ఎక్కండి, దిగండి. పండు చెరిసగం, ఇద్దరూ ఒకేసారి నోట్లో వేసుకోవాలి. ఎర్ర పండు ఉన్న మెట్టును మూడింతలు చేస్తుంది. నల్ల పండు కూడా మూడింతలే చేస్తుంది, కాని పైవాణ్ణి కిందికి, కిందివాణ్ణి పైకి తీసుకుపోతుంది. ఇరవై దాటితే పైనయినా కిందయినా గాల్లో కలిసిపోతారు, నా పూచీ లేదు."

"పన్నెండు దాటితే?" అన్నాను.

"దాటినవాడు నిప్పుమేడలో. సరిగ్గా పన్నెండులో ఉన్నవాడు గోడ బయట. చూస్తూ నిలబడొచ్చు."

బుట్టలో మూడే పళ్ళున్నాయి. ఒకటి ఎర్రది, రెండు నల్లవి. నేను అందుకుని ఉత్తరీయంలో మూట కట్టాను.

ఉదయదత్తుడు శాలువా నడుముకు బిగించి, ఇత్తడి కొలబద్ద గుండ్రాయికి తాటించి ఎగిరాడు. పిల్లిలా ఆరో మెట్టు మీద వాలాడు. నేను జ్వాలేశ్వరస్వామిని తలుచుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఎగిరాను. నాలుగో మెట్టు అంచు దొరికింది.

"భలే గెంతావు లింగా! ఎర్ర పండు సగం పైకి ఇవ్వు, మనకిక అడ్డు లేదు" అన్నాడతను.

నేను లెక్క కట్టుకున్నాను. ఆరు మూళ్ళు పద్దెనిమిది. నాలుగు మూళ్ళు పన్నెండు. అతను మేడలో, నేను గోడ బయట. ఒక్క మెట్టు తక్కువ. మాణిక్యవరం అంతా ఉదయదత్తుడే నిప్పు తెచ్చాడని చెప్పుకుంటుంది. గిరిజ దీపం వెలిగిస్తూ అతని పేరు తలుచుకుంటుంది. నేను మాత్రం అభ్రకానికి ముక్కు ఆనించి చూస్తూ నిలబడాలి. ఎర్ర పండు ఎంత పైకి తీసుకుపోయినా అతణ్ణి నాకంటే పైకే తీసుకుపోతుంది. రెండు మెట్ల తేడా కాస్తా ఆరు మెట్లవుతుంది.

మూట విప్పాను. ఎర్ర పండు తీశాను. నా వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయని చెబితే అది అబద్ధం. నేనే వదిలాను. అది గుండ్రాయికి తగిలి, ఎగిరి, పాతాళంలో పడిపోయింది.

"అయ్యో, జారిపోయింది!" అన్నాను.

కింద ముసలమ్మ నా వైపు చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఉదయదత్తుడు నా చేతి వంక చూశాడు. తరువాత, "పోనీలే. నల్లవి రెండున్నాయిగా. ఒకదానితో దిగుదాం, ఒకదానితో ఎక్కుదాం" అన్నాడు. సగం ముక్క పైకి విసిరాను, అతను అందుకున్నాడు. ఇద్దరం ఒకేసారి నమిలాం.

ఒళ్ళంతా తిరగలిలా గిర్రున తిరిగింది. ఆకాశం కాళ్ళ కిందికి, నేల నెత్తి మీదికి వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి నల్ల మెట్ల మీద ఉన్నాను. లెక్కపెట్టుకున్నాను. కింద పన్నెండో మెట్టు. తల వంచి చూస్తే ఆరు మెట్ల దిగువన, పద్దెనిమిదో మెట్టు మీద ఉదయదత్తుడు. నా జన్మలో మొదటిసారి అతని నడినెత్తి చూశాను. అక్కడ వెంట్రుకలు పలచబడ్డాయి. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఇద్దరం పాతాళంలో ఉన్నామన్న మాట ఆ క్షణంలో గుర్తే లేదు.

"ఏరా లింగా, పైన గాలి బాగుందా?" అని అరిచాడతను.

"బ్రహ్మాండంగా ఉంది!"

"అయితే నా భళా బాకీ ఇప్పుడైనా తీర్చరాదూ? పైవాడివి, దాతవి!"

అతని వేళాకోళం నాకు ముల్లులా గుచ్చుకుంది. మా ఆచార్యుల పాఠశాలలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ముందు లెక్క తెగ్గొడితే వాళ్ళకు ఓడినవాడు తొడ చరిచి మూడుసార్లు "భళా" అనాలి. అనకపోతే ఆ గెలుపు గెలుపు కాదు. ఆఖరి పరీక్షనాడు అతను గెలిచాడు. నేను కడుపునొప్పి అని చాప చుట్టుకుని వెళ్ళిపోయాను. ఇరవై ఏళ్ళుగా అతను ఎక్కడ కనిపించినా నవ్వుతూ అది గుర్తు చేస్తాడు. నేను వినపడనట్టు పోతాను. ఆ రోజు కూడా వినపడనట్టే ఊరుకున్నాను.

అప్పుడు కింద పెళపెళమని చప్పుడైంది. చీకట్లో రెండు కణికల్లాంటి కళ్ళు. ఒళ్ళంతా బొగ్గుతో చేసినట్టున్న మొసలి ఒకటి నోరు తెరిచి ఇరవయ్యో మెట్టును చెరుకు గడలా నమిలేసింది. పంతొమ్మిదో మెట్టునూ కొరికింది. ఉదయదత్తుడు పైకి ఉరికాడు. మొసలి శాలువా అంచు పట్టుకుంది, పట్టు పర్రున చిరిగి ఆకుపచ్చ పీలికలు దాని పళ్ళలో మిగిలాయి. అతను కొలబద్దను దాని దవడల మధ్య నిలువునా దూర్చి మరో మెట్టు ఎక్కాడు. ఇత్తడి వంగుతున్న చప్పుడు నాకు వినిపించింది.

"లింగా! మనం ఎక్కడ నిలబడి రెండో పండు తినాలో నువ్వు లెక్క కట్టు! నాకిక్కడ చేతులు ఖాళీ లేవు!"

నన్ను లెక్క అడిగాడు. ఆస్థాన గణకుడు, నూనె కొలిచేవాణ్ణి! నేను మెట్టు రాతి మీద వేలితో రాశాను. మనమున్న మెట్టును నల్ల మూడుతో, అంటే ఋణ మూడుతో హెచ్చిస్తే వచ్చేది పన్నెండు కంటే ఎక్కువ కావాలి. కాకి ముక్కు తెరిచింది. రెండు వైపులా నల్ల మూడుతో భాగించాను. అటు మనమున్న మెట్టు, ఇటు నల్ల నాలుగు. అంటే నల్ల నాలుగు కంటే పైన ఉండాలి. మూడో మెట్టు! నేలకు దగ్గర, మొసలికి దూరం, ఉదయదత్తుడికంటే పైన. ఎంత చక్కని జవాబు!

ఆయాసపడుతూ మూడో నల్ల మెట్టు దాకా ఎక్కాను. "దత్తా! మూడు! నాలుగుకు పైన ఎక్కడైనా సరే! నేను మూడులో ఉన్నాను, వెనకే వచ్చెయ్!"

కింద నుంచి రొప్పుతూ గొంతు వినిపించింది. "మూడా? కాకిని తిప్పావా?"

"అన్నీ నీకే తెలుసా?"

"తెలుసని కాదురా, వేళ్ళ మీద చూసుకో!"

కోపంగానే వేళ్ళు ముడిచాను. మూడో మెట్టు. మూడు మూళ్ళు తొమ్మిది. నల్ల పండు గనక పైన తొమ్మిది. తొమ్మిది పన్నెండును దాటదు. మళ్ళీ లెక్కపెట్టాను. దేవుడా, తొమ్మిదే.

తల ఎత్తి చూశాను. గుండ్రాయి నెత్తి మీద నల్ల చందమామలా ఉంది. దాని అంచుల పక్కనుంచి తెల్ల మెట్లు పైకి పోతున్నాయి. అప్పుడు నా కళ్ళ ముందు ఇరవై ఏళ్ళ సందేహం విప్పుకుంది. నల్ల పండు ఎవరికీ పక్షపాతం చేయదు. గుండ్రాయి నుంచి మనం ఎంత దూరంలో ఉంటే దానికి మూడింతల దూరం ఇస్తుంది, కాకపోతే అటువైపు ఇస్తుంది. కింద లోతుగా ఉన్నవాడికి పైన ఎత్తు దొరుకుతుంది. ఇక్కడ నేలకు దగ్గరగా, హాయిగా ఉన్నవాడు అక్కడ కూడా నేలకు దగ్గరగానే ఉంటాడు. అందుకే పైన ఆరులో ఉన్న అతను ఇక్కడ పద్దెనిమిదిలో పడ్డాడు, నాలుగులో ఉన్న నేను పన్నెండులో ఆగాను. నేను గెలిచాననుకున్నది అంతే. కాకిని తిప్పమన్నది ఆచార్యుల మొండితనం కాదు. ఉన్న నిజం అది.

నాలుగు కంటే పైన కాదు, కింద నిలబడాలి. అయిదైతే పదిహేను, ఆరైతే పద్దెనిమిది. ఏడైతే ఇరవై ఒకటి, గాల్లో కలిసిపోతాం. కనుక అయిదు, ఆరు. ఇద్దరం, రెండు మెట్లు. సరిగ్గా సరిపోయింది.

దిగాను. నాలుగు, అయిదు. ఈలోగా ఉదయదత్తుడు ఆరో మెట్టుకు చేరాడు. ముఖం నిండా మసి, మోచేతి నుంచి రక్తం. కింద మొసలి కొలబద్దను నమిలి ఉమ్మేసి, ఏడో మెట్టు మీద పళ్ళు వేసింది.

"అయిదు, ఆరు! తిప్పావు! విరువు, విరువు!" అని చెయ్యి చాచాడు.

పండు తీశాను. విరవబోయాను. అప్పుడు ఆ పాడు లెక్క మళ్ళీ మనసులోకి వచ్చింది. నేను అయిదు, పదిహేను. అతను ఆరు, పద్దెనిమిది. మేడలోకి వెళ్ళినా నాకంటే మూడు మెట్లు పైనే. కుండ పద్దెనిమిదో మెట్టు మీద ఉంటే ఎవరి చెయ్యి ముందు తగులుతుంది?

"దత్తా, నువ్వు మళ్ళీ నాకంటే మూడు మెట్లు పైన ఉంటావు" అన్నాను.

"ఏమిటీ?"

"మూడు మెట్లు."

"ఒరే పిచ్చివాడా, ఊరికి నిప్పు లేదురా! కుండ ఇద్దరం చెరో చెవి పట్టుకుని మోద్దాం. విరువు!"

నేను పండు వంక చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు? రెండు ఊపిర్లు తీసినంతసేపు. అంతే.

మొసలికి అది చాలింది. ఏడో మెట్టు ఎప్పుడు మింగిందో చూడలేదు. ఆరో మెట్టు ఉదయదత్తుడి కాళ్ళ కింద పెంకులా పగిలింది. అతను ఎగిరి నేనున్న అయిదో మెట్టు అంచును పట్టుకుని వేలాడాడు. అతని బరువు పడగానే నా పాదాల మధ్య రాతి మీద సన్నని గీత పరుగెత్తింది. మెట్టుకొక్కడే!

అతను నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

"లింగా, పండు నీ దగ్గరుంది" అన్నాడు. "సగం నాకు నోట్లో పెట్టు. నాకిక్కడ మెట్టు లేదు గనక నేనేమవుతానో తెలియదు. నువ్వు మాత్రం పదిహేనులో ఉంటావు. కుండ దించుకుని వెళ్ళు. బాలింతలు, పిల్లలు ఎదురుచూస్తున్నారు."

పైన గుండ్రాయి అంచు ఎర్రబడుతోంది. సూర్యుడు దిగిపోతున్నాడు. గీత ఇంకో జానెడు పాకింది. మొసలి ఊపిరి వేడిగా నా పిక్కలకు తగిలింది.

నేను వెనక్కి అడుగు వేసి నాలుగో మెట్టు ఎక్కాను.

ఎక్కేటప్పుడే తెలుసు. నాలుగు మూళ్ళు పన్నెండు. ఏ మెట్టుకు భయపడి ఎర్ర పండు పారేశానో అదే మెట్టు. పైకి ఎక్కి కిందివాణ్ణయ్యాను. నాలుగో మెట్టు మీద బోర్లా పడుకుని ఉత్తరీయం కిందికి వదిలాను. అతను పట్టుకున్నాడు. లాగాను. నా భుజం కీలు కదిలిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అతను అయిదో మెట్టు మీద మోకాళ్ళ మీద లేచాడు. గీత ఆగింది.

"నాలుగంటే పన్నెండేరా!" అన్నాడు అతను.

"తెలుసు." పండు విరిచి సగం కిందికి అందించాను. "దత్తా, ఎర్ర పండు జారలేదు. నేనే పారేశాను."

"నాకూ తెలుసు" అన్నాడు. "నీ చేతిలోంచి ఇన్నేళ్ళలో చుక్క నూనె జారలేదు, పండు జారుతుందా? తిను."

నమిలాం. మొసలి దవడలు మూసుకున్న చప్పుడు మా కింద వినిపించింది. మళ్ళీ తిరగలి, మళ్ళీ ఆకాశం, మళ్ళీ నేల. కళ్ళు తెరిచేసరికి చల్లని గాలి, ఎర్రని ఎండ. నా పాదాలు పన్నెండో తెల్ల మెట్టుకు అతుక్కుని ఉన్నాయి. నా ముక్కుకు బెత్తెడు దూరంలో అభ్రకపు గోడ.

లోపల, నాకు మూడు మెట్ల పైన, పదిహేనో మెట్టు మీద ఉదయదత్తుడు. అతని ఎదుట, చేతికందే దూరంలో ఉన్న గూట్లో ధూమకంఠుడు. మెడ నుంచి పొగ పాయలు పాయలుగా జారుతూ, కుండను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పడమటి కొండ వైపు చూస్తున్నాడు. సూర్యుడి అంచు ఇంకా గోరంత మిగిలి ఉంది. వాడి పెదవులు కుండ అంచును తాకబోతున్నాయి.

ఉదయదత్తుడి దగ్గర కత్తి లేదు, కొలబద్ద లేదు. మిగిలిన శాలువా పీలికను విప్పి, వల విసిరినట్టు మాంత్రికుడి ముఖం మీద వేశాడు. వాడు కళ్ళు కనబడక ఉలిక్కిపడ్డాడు. ఆ ఒక్క తృటిలో ఇతను వాడి మోచేతుల మధ్య నుంచి తల దూర్చి, కుండను కడుపుకు హత్తుకుని లాగేశాడు. కుండ కాలుతోంది. అతని చేతుల తోలు బుసబుసమని పొంగడం నేను చూశాను. వదల్లేదు. మూత తెరుచుకుని నిప్పు గుప్పున లేచింది. రాజ్యంలోని ఊళ్ళన్నిటి పొయ్యిలు, కొలిములు, మా స్వామి దీపం అన్నీ ఒకేసారి వెలిగినట్టు ఆ మేడంతా బంగారు రంగైంది. సూర్యుడు కుంకిపోయాడు. నిప్పు వాడి నోట్లో పడలేదు, గడువు తప్పిపోయింది.

ధూమకంఠుడు శాలువా పీకిపారేసి అరిచాడు. ఆ అరుపుకు గోడ బీటలు వారింది. మేడ నాలుగు మూలల నుంచి పొగ లేచి, ఏనుగు తొండాలంత పాయలై ఉదయదత్తుడి వైపు పాకసాగింది. అతను కుండ ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నా కాళ్ళు రాతికి అతుక్కుని ఉన్నాయి. బుట్టలో పళ్ళు లేవు. నేను అతని దగ్గరికి పోలేను, అతను నా దగ్గరికి రాలేడు.

అతను నా వైపు తిరిగి చూశాడు.

నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే. కుడి తొడ చరిచాను.

"భళా!"

పొగ పాయ అతని మోకాలిని చుట్టుకుంది. అతను దాన్ని నిప్పుతో కాల్చి విదిలించాడు.

"భళా!"

మూడోసారి ఊపిరంతా పెట్టి అరిచాను. చుట్టూ కొండలు తిరిగి పలికాయి.

"భళారా దత్తా!"

పొగ వెనకాల నుంచి దగ్గుతూ, నవ్వుతూ అతని గొంతు వినిపించింది.

"ముట్టిందిరా లింగా!"